పసుపు రాస్‌కి అంటగట్టిన జోడీ

రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో, తొంభైల చివర, మా రైల్వే క్వార్టర్ ముందుగదిలో ఉప్పునీటి చేపల తొట్టె ఒకటి ఉండేది. నేను విశాఖపట్నంలో సముద్రం పక్కన పెరిగినదాన్ని. మావారు గూడ్సు గార్డు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా డబ్బాలనిండా సముద్రపు నీళ్ళు తెచ్చుకునేదాన్ని. వెళ్ళడం కుదరకపోతే అటునుంచి వచ్చే తోటి ఉద్యోగులను ఆయన బతిమాలి తెప్పించేవారు. వేసవిలో కూలర్ మాకు కాదు, తొట్టెకి ఎదురుగా పెట్టేవాళ్ళం.

అందులో పసుపురంగు రాస్ ఒకటి ఉండేది. రాస్ అంటే సముద్రంలో రాళ్ళ మధ్య తిరిగే రంగురంగుల చేపల జాతి. మాది వేలంత పొడవుండేది, సాధువు. దీపం తీసెయ్యగానే ఇసుకలో దూరి పడుకునేది. పొద్దున్నే ఇసుక విదిలించుకుని పైకొచ్చి, నా వేళ్ళ మధ్యనుంచి రొయ్య ముక్కలు లాక్కునేది.

దానికి తోడుగా ఇంకొక రాస్‌ని తేవాలనిపించి, పండరీ బట్టల బజారుకి వెళ్ళే దారిలో ఉన్న చేపల దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. దుకాణదారు నెలవంకలాంటి తోక ఉన్న నీలి ఆకుపచ్చ రాస్‌ని చూపించాడు. అందంగానే ఉంది, కానీ మాదానికంటే పెద్దది, ఒక్కచోట నిలవడం లేదు. ఇది ఇక్కడ ఏ చేపలతో కలిసి ఉండేది, మెతకగా ఉండే చిన్న చేపని బతకనిస్తుందా అని అడిగాను. అడిగింది నేను. అతను జవాబు చెప్పింది మావారికి.

“గార్డ్ సాబ్, దోనోఁ ఏక్ హీ జాత్ కే హైఁ. భాయీ-భాయీ రహేంగే.”

ఒకే జాతివాళ్ళంతా అన్నదమ్ముల్లా ఉంటారని ఏ కాపురం చూసి చెప్పాడో మరి. ముందు వేరే తొట్టెలో ఉంచి దాని తీరు చూడొచ్చా అని మళ్ళీ అడిగాను. అతను నవ్వి, మేడమ్‌కి భయమెక్కువ అని మళ్ళీ ఆయనతోనే అన్నాడు. నా మాట పూర్తికాకుండానే చేపని వేసిన నీళ్ళ కవరు మావారి చేతిలో పెట్టాడు. ఆయన పుచ్చుకున్నారు.

ఇంటికి తెచ్చి వదిలిన పూటే కొత్తది పసుపుదాని వెంట పడింది. మేత వేస్తే ముందు దాన్ని తరిమి, తరవాత తినేది. పసుపుది ఇసుకలో దూరితే పైనే కాపలా కాసేది. రాళ్ళు మార్చి పెట్టాను, మేత రెండువైపులా వేశాను. ఏం చేసినా పసుపు చేప తోక చీలికలైంది, అది పగలు కూడా ఇసుకలోంచి రావడం మానేసింది. చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, ముందునుంచీ ఉన్నది కదా, అదే కాస్త సర్దుకుపోవాలి అంది. దెబ్బలు తినేదాన్నే సర్దుకోమనే ఆ నీతి విని ఒళ్ళు మండిపోయింది.

దుకాణానికి వెళ్ళి చెబితే మీ నీళ్ళు బాగోలేవన్నాడు. అదీ మావారి మొహం చూస్తూ.

మర్నాడు నెలవంక తోకదాన్ని వలతో పట్టి, మూత ఉన్న డబ్బాలో వేసుకుని బయల్దేరాను. మావారు వద్దంటూనే వెంట వచ్చారు. దుకాణం ముందు పెద్ద తొట్టెలో అతని ఖరీదైన సముద్రపు చేపలు తిరుగుతున్నాయి. లోపల నలుగురైదుగురు కొనేవాళ్ళున్నారు. డబ్బా బల్ల మీద పెట్టి, అన్నదమ్ములన్నారుగా, దీన్ని మీ పెద్ద తొట్టెలో వదలండి, నేను చూస్తాను అని హిందీలో అన్నాను.

అతను తొట్టె మూతమీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకున్నాడు.

“ఇస్ మేఁ నహీఁ. యే సబ్ కో మారేగా.”

అన్నిటినీ కొడుతుందట. తన నోటితోనే అన్నాడు. అంటే తెలుసు. తెలిసే నా మొహాన అబద్ధమాడాడు, అదీ నా మొహం చూడకుండా. ఇదంతా అక్కడున్నవాళ్ళందరికీ వినబడేలా మొదట్నుంచీ చెప్పాను. అతను మావారి వైపు తిరిగి, మీరైనా ఆవిడకి నచ్చజెప్పండి అన్నాడు.

మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. “పదవే, అందరూ చూస్తన్నారు.”

“చూడనివ్వండి. వాళ్ళు చూడాలనే చెప్తన్నాను.”

అలాంటి చేపనే కవరులో కట్టించుకున్న పెద్దమనిషి ఒకాయన కవరు మళ్ళీ బల్లమీద పెట్టేశాడు. అప్పుడు దుకాణదారు మొదటిసారి నాతో మాట్లాడాడు. బదులుగా ఇంకో చేపని తీసుకోమన్నాడు. మీరు మంచిదని చెప్పే ఏ చేపా నాకొద్దని చెప్పి, నేను తెచ్చినదాన్ని ఒంటరి తొట్టెలో వేసేదాకా నిలబడి చూసి, ఖాళీ డబ్బాతో వచ్చేశాను.

పసుపు రాస్ కొన్నాళ్ళు ఇసుకలోనే ఉండిపోయింది. తరవాత ఒక ఉదయం తల బయటపెట్టింది. చీలిన తోక పూర్తిగా పెరగలేదు గానీ మేత అందుకోవడం మొదలుపెట్టింది. దానికి మళ్ళీ తోడు వెతకలేదు.

మావారు మాత్రం కాలనీలో ఎవరు కలిసినా, మా ఆవిడ చేప కోసం బజారులో తగువు పెట్టుకుందని నవ్వుతూ చెప్పేవారు. వాళ్ళూ నవ్వేవారు. ఆ నవ్వులోకి ప్రతిసారీ అడ్డొచ్చి, చేప కోసం కాదు, అడిగినదానికి అబద్ధం చెప్పినందుకు అని దిద్దేదాన్ని. ఆయన ఆ ముక్క ఒక్కసారీ కలిపి చెప్పలేదు.