రూతుకు పెట్టిన ఉల్లిపాయ ముక్క

సూది వేసే ముందు నర్సమ్మ దూదితో జబ్బ మీద రుద్దే స్పిరిటు వాసన ఇప్పటికీ నన్ను కొల్లేటి ఒడ్డున మా పెంకుటింటి అరుగు మీదికి లాక్కుపోతుంది. పందొమ్మిది వందల ముప్పైల నాటి సంగతి. నాన్నగారు మిషను బడిలో పంతులు, బడి వదిలాక హోమియో వైద్యుడు. ఏలూరు నుంచి తెప్పించుకున్న లావుపాటి పుస్తకం, చెక్కపెట్టె నిండా స్పిరిటు వాసన కొట్టే బుడ్లు, వాటిలో ఆవగింజలంత తీపి మాత్రలు, అవే ఆయన ఆస్తి.

దోనెల మీద వచ్చిన రోగుల్ని నాడి చూసి పంపేసేవారు కాదు. దాహం ఎక్కువా తక్కువా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, ఉరుములకు భయపడతారా, కలల్లో నీళ్లు కనిపిస్తాయా అని అడిగి అడిగి, చేపలమ్ముకోవలసిన వాళ్లకు విసుగు పుట్టించేవారు. "జబ్బుకి కాదండీ, మనిషికి మందు" అనేవారు. మాత్ర వేసుకున్నవాళ్లు ఉల్లి, ఇంగువ, కాఫీ ముట్టకూడదు. ముడితే మందు విరిగిపోతుంది. ఇంగువ పోపు వాసన మా ఇంట్లో మేమెరగం.

కొల్లేట్లో నీళ్లు తగ్గుముఖం పట్టే రోజుల్లో, ఆరేళ్ల మా చెల్లి రూతుకు చలిజ్వరం వచ్చింది.

"ఏవండీ, పోస్టాఫీసులో క్వినైను పొట్లాలు అమ్ముతున్నారంట. ఒక్కటి తెప్పించండీ" అంది అమ్మ.

"క్వినైను జ్వరాన్ని లోపలికి తొక్కేస్తుందే. మాత్ర వేశాక ఒళ్లు ఇంకా కాలిందంటే మందు పనిచేస్తున్నట్టే. ఓపిక పట్టు."

ఓపిక పట్టాం. మర్నాడు "అక్కా, నోరంతా చేదే" అని రూతు ఏడుస్తుంటే చూడలేక, పక్కింట్లో అడిగి తెచ్చిన ఉల్లిపాయ ముక్కకు ఉప్పద్ది పెట్టాను. నాన్నగారు రాగానే దాని నోటి వాసన పసిగట్టారు. నన్ను కొట్టలేదు, కొట్టినా బాగుండేది. "మందు విరిగిందమ్మా" అని, మళ్లీ మొదటి నుంచి మాత్ర వేసి, మళ్లీ కాచుకు కూర్చున్నారు. రెండు రోజులకు రూతు పోయింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి రోగికీ చెప్పేవారు: "మా చిన్నదానికి మందు బాగా పట్టిందండీ. ఉల్లిపాయ చెడగొట్టింది." నా పేరెత్తేవారు కాదు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నగారూ లేరు. దోనెలు తిరిగిన చోటల్లా చేపల చెరువుల గట్లే. డాక్టరీ చదివిన మనవరాలికి ఈమధ్య ఇదంతా చెబితే, "ఉల్లిపాయ ఏం చేస్తుంది అమ్మమ్మా, నీ తప్పేం లేదు" అంది. తేలికపడతాననుకున్నాను. పడలేదు. నా తప్పు కాకపోతే అది నాన్నగారి తప్పవుతుంది. బిడ్డ మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్న మనిషి మీద ఆ మాట వేయడానికి నాకు మనసు రావడం లేదు. మోసి మోసి అలిసిపోయాను గాని, నా దగ్గరే ఉండనీ.