చర్మం కోసం మొరపెడితే రక్తాన్ని చూపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నా ఇంట చేసిన మేలును చెప్పమని పాస్టరయ్య పిలిచారు, మైకు ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు, అయినా ఇంత మేలు పొంది నోరు మూసుకుని కూర్చుంటే తిన్న అన్నం అరగదు కాబట్టి చెబుతున్నాను. నా పేరు కరుణమ్మ. పుట్టిల్లు పులివెందుల దగ్గర పల్లె, మెట్టినిల్లు జమ్మలమడుగు. మా ఆయన ప్రసాదు మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు, నేను పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టి అందిస్తాను. మా కాపురమూ, కబుర్లూ, కీచులాటలూ అన్నీ ఆ మగ్గం దగ్గరే.

అలాంటి నా చేతుల మీదికే వచ్చింది సోరియాసిస్! మొదట మోచేతుల దగ్గర ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొలుసులు, తర్వాత అరచేతులు పగిలి గరుకుబారిపోయాయి. పట్టుదారానికి గోరు కాస్త తగిలినా పోగు లేస్తుంది, ఇక నా అరచెయ్యి తగిలితే చెప్పాలా, చుట్టిన దారం చుట్టినట్టే తెగిపోయేది. మా అత్త రూతమ్మ పాపం, చూపు ఆనకపోయినా కండెలు తానే చుట్టడానికి కూర్చుంది. మా ఆయన ఒక పూట కండెలు, ఒక పూట నేత, అలా ఎన్నాళ్లు లాగుతాడు?

"ఇట్లయితే కుదరదు కరుణా, మగ్గం ఇప్పేసి నేను సిమెంటు ఫ్యాక్టరీకి పోతా" అన్నాడు ఒకరోజు. నా చేతులు బాగుపడకపోతే ఆ మగ్గం మా ఇంట్లో ఉండదు! మందిరంలో అందరూ చేతులెత్తి స్తుతిస్తుంటే నేను నా చేతులు కొంగులో దాచుకుని, "ప్రభువా, ఈ తోలు ఒక్కటి బాగుచెయ్యి, ఇంకేమీ అడగను" అని ఏడ్చేదాన్ని.

వీరపునాయునిపల్లె వైపు ఒక నాటువైద్యుడు ఉన్నాడని ఎవరో చెబితే పోయాం. ఆయన నూనె ఇచ్చాడు, నూనె కంటే పెద్దది పత్యం ఇచ్చాడు. "ఉప్పు, పులుపు, కారం నోట పెట్టొద్దమ్మా. వంకాయ వద్దు, గోంగూర వద్దు, మాంసం ఊసే వద్దు. రాగిసంగటి గూడా తినొద్దు, దురద లేస్తాది. తెల్లన్నం, పాలు, బెల్లం, అంతే!" అన్నాడు. మన సీమలో పత్యం అంటే ఎంత గట్టిగా పాటిస్తామో మీకు తెలుసు, బాలింతరాలు కూడా నా అంత పత్యం చేసి ఉండదు. పొద్దున పాలన్నం బెల్లం, మధ్యాహ్నం పాలన్నం బెల్లం, రాత్రికీ అదే. నేను చిక్కిపోతుంటే మన సంఘంలో అక్కచెల్లెళ్లు ఎంతో ప్రేమతో, "నీరసంగా ఉండావు, తిను కరుణక్కా" అని తేనె సీసాలూ ఖర్జూరాలూ తెచ్చిచ్చారు. దాహం పెరిగింది, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి, మగ్గం గుంట దగ్గరికి నడిచినా ఆయాసం వచ్చేది. అదంతా నూనె వేడి అనుకుని పైన గ్లూకోజు నీళ్లు కూడా తాగేదాన్ని. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్వొచ్చే సంగతి కాదు!

చివరికి మా అత్త పట్టుబట్టింది. "దేవుడు ఆస్పత్రులను ఊరికే పెట్టించినాడా? పొద్దుటూరికి పోదాం, లెయ్" అంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగించుకుని శనివారం పొద్దునే బస్సెక్కాం. అక్కడ చర్మవ్యాధుల డాక్టరమ్మ నా చేతులు తిప్పి తిప్పి చూసి, దాహం, తిమ్మిర్ల సంగతి విని, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తే, మామూలుగానే ఉంది! సంఘం నుంచి మాకు తోడు వచ్చిన సహోదరి అక్కడికక్కడే హల్లెలూయా అని ఊరికి ఫోను చేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఏమ్మా, ఏం తింటాండావు?" అని అడిగింది. నేను నా పత్యమంతా గొప్పగా చెప్పాను, నిన్న ఉపవాసమని కూడా చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది.

"నిన్న ఏమీ తినలేదు కాబట్టి ఈ పొద్దు సూది ఇట్ల చూపిస్తాంది. ఒక్క పొద్దుటి లెక్కను నమ్మలేం. రక్తంలో ప్రోటీన్లుంటాయి, షుగరు ఎక్కువైతే అది పోయి వాటికి అతుక్కుంటాది, ఒకసారి అతుక్కుంటే ఆ ప్రోటీను ఉన్నన్నాళ్లూ ఊడదు. ఎంత అతుక్కుందో చూస్తే మూడు నెలల సంగతి తెలుస్తాది" అని వివరంగా చెప్పింది. నూలుకు గంజి పట్టినట్టు అనుకున్నాను నేను. "సోరియాసిస్ తోలు మీద కనిపిస్తాది గానీ, వాపు లోపల గూడా ఉంటాది. ఇది ఉండేటోళ్లకు షుగరు వచ్చే భయం కొంచెం ఎక్కువ. అందుకే చూడాల" అంది. హెచ్‌బిఎ1సి అనే పరీక్ష రాసింది. నాకు రక్తం తక్కువగా ఉందని, అలాంటప్పుడు ఆ ఒక్క పరీక్షే తప్పుదోవ పట్టించవచ్చని, రక్తంలోనే ఇంకో రకం ప్రోటీనుకు ఈ మధ్య వారాల్లో ఎంత చక్కెర అంటుకుందో చూసే పరీక్ష కూడా రాసింది.

రెండూ ఒకే మాట చెప్పాయి. షుగరు వచ్చేసింది!

సహోదరులారా, ఆ రోజు నేను దేవునితో కొట్లాడాను, దాచడం ఎందుకు? ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని, "ప్రభువా, ఉన్న జబ్బు తియ్యమంటే ఇంకో జబ్బు తెచ్చి నెత్తిన పెడితివి, ఇదేం న్యాయం సామీ?" అని గట్టిగానే అరిచాను. మా అత్త విని వచ్చి, "మగ్గానికి చెద పట్టిందని ఎవురన్నా చెప్తే, చెప్పినోని మీద కోపం చేసుకుంటామా ఏంది? చెద ముందే ఉండాది. ఇప్పుడు కనపడింది, అంతే" అంది. ఎంత మాట! నేను తోలు కోసం అడుగుతుంటే దేవుడు తోలు కింద ఏం జరుగుతోందో చూపించాడు, కళ్లూ మూత్రపిండాలూ చెడకముందే చూపించాడు. నేను బాగుపడతాననుకుంటూ రోజూ తిన్న బెల్లమే నన్ను లోపల తినేస్తోందని ఆ పరీక్ష లేకపోతే నాకు ఎవరు చెబుతారు? అక్కడే మోకాళ్లూని, "తండ్రీ, నాకు అర్థమైంది, నీ దారినే నడిపించు" అన్నాను.

బెల్లం పోయింది, తేనె సీసాలు పక్కింటి పిల్లలకు పోయాయి, జొన్నరొట్టె వచ్చింది, ఆకుకూరా పప్పూ వచ్చాయి, గోంగూర కూడా తిరిగొచ్చింది, దేవునికి స్తోత్రం! పొద్దునే పెన్న గట్టు మీద నడక, షుగరు మాత్ర, డాక్టరమ్మ ఇచ్చిన పూతమందులు, ఏవీ మానలేదు. మాత్ర వేసుకునే ముందు ప్రార్థన, వేసుకున్నాక స్తోత్రం. కొన్ని నెలలకు అరచేతులు మెత్తబడ్డాయి. ఒక ఉదయం భయపడుతూ భయపడుతూ పట్టుదారం పట్టుకుని కండె చుట్టాను. మా ఆయన నేత ఆపి చూస్తూ కూర్చున్నాడు. కండె నిండింది, పోగు లేవలేదు.

"యాడా తెగలేదే!" అన్నాడు. "ఇంగో కండె చుట్టు." అది కూడా నిండింది. ఆయన తల తిప్పుకుని, కళ్లలో దుమ్ము పడిందన్నాడు. ఫ్యాక్టరీ మాట మళ్లీ ఎత్తలేదు. మళ్లీ పరీక్ష చేస్తే రక్తంలో అతుక్కున్న చక్కెర కూడా దిగింది, "ఇట్నే ఉండు కరుణమ్మా" అని ఆ నవ్వని డాక్టరమ్మే నవ్వింది.

పూర్తిగా పోయిందా అని అడుగుతారేమో. లేదు, మోచేతుల దగ్గర మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, చలికాలం వస్తే ఎర్రబడతాయి, డాక్టరమ్మ ముందే చెప్పింది, ఇది అదుపులో ఉంచుకోవాల్సిన జబ్బని. ఆ మచ్చలతోనే నాకు సంతోషంగా ఉంది, అబద్ధం చెప్పి దేవునికి మహిమ తేవాల్సిన అవసరం నాకు లేదు. ఆయన నా భయాన్ని తీసేశాడు, నా పని నాకు ఇచ్చాడు, ఆయనకే ఘనత, ఆయనకే మహిమ!

ఇంత మందిలో నిండు చేతుల రవిక తొడుక్కుని, ఎండాకాలంలో కూడా చేతులు దాచుకుని కూర్చున్న చెల్లెలు ఎవరైనా ఉంటే, ప్రార్థన చేశాను కదా ఇంకా పరీక్షలెందుకు అనుకునే అన్న ఎవరైనా ఉంటే, మీకే చెబుతున్నాను. దేవుణ్ణి నమ్మండి, ఆయన పంపిన వైద్యాన్నీ నమ్మండి. కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, మీ చెయ్యి నా చేతిలో పెట్టండి, ప్రార్థన చేద్దాం. సోమవారం పొద్దున పొద్దుటూరు బస్సులో మీ పక్కన నేనే కూర్చుంటాను.