పెత్రమాస నాడు తెరిచిన పోర్టర్ సీసా

బీరు రుచి చూడడం మా అన్న పని, రాయడం నా పని. ఉప్పల్‌లో ఒక మిత్రుడు నడిపే చిన్న వెబ్ పేజీ కోసం కొన్నేళ్లు ఇద్దరం అలాగే చేశాం. ఆదివారం సాయంత్రాలు నాచారంలో అన్న వాళ్ల మేడమీద కూర్చునేవాళ్లం. అన్న ఒక గుక్క తాగి, కాసేపు ఊరుకుని, రెండు మూడు మాటలు చెప్పేవాడు. నేను వాటిని వాక్యాలు చేసేవాణ్ని. నా నాలుక మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

మేం చివరిగా చూసింది ఒక పోర్టర్. బార్లీని దాదాపు మాడేదాకా వేయించి చేసే నల్లటి బీరు అది. మిత్రుడు బెంగళూరు నుంచి రెండు సీసాలు తెచ్చిచ్చాడు. అప్పటికి అన్నకు గొంతు క్యాన్సర్. రేడియేషన్ అయి కొన్ని వారాలైంది. ఒక్క గుక్కే తాగాడు, కళ్లు మూసుకుని, చాలాసేపు నోట్లో ఉంచుకుని.

“మాడిన బెల్లం. ఎనకాల జర ఇంగువ” అన్నాడు.

నాకు ఇంగువ తగల్లేదు. ఆయన చెప్పాడు కాబట్టి రాశాను.

“రెండోది ఉంచురా. దసరా దాకా ఆగి చూద్దం. గిసొంటియి నిల్వుంటే మారుతయి” అన్నాడు.

ఎండాకాలంలో అన్న పోయాడు. సీసా మా ఇంట్లోనే ఉండిపోయింది.

దసరాకు ముందు వచ్చే పెత్రమాస నాడు మా ఇళ్లలో పోయినవాళ్లకు పెడతాం. వాళ్లు ఇష్టంగా తిన్నవీ తాగినవీ ఫొటో ముందు పెట్టి, తలుపు దగ్గరికి వేసి, అందరూ బయట కూర్చుంటారు. తర్వాత వాటిని ఇంట్లోవాళ్లు తలా కొంచెం తీసుకోవాలి. అన్నకు అది మొదటి పెత్రమాస. ఆయనకు నిజంగా నచ్చినదే ఆయన ముందు ఉండాలని నాకుండేది. ఆ రోజు నాకున్న కోరిక అదొక్కటే.

నేను వెళ్లేసరికి వదిన తమ్ముడు మామూలు స్ట్రాంగ్ బీరు సీసా తెచ్చి ఫొటో పక్కన పెట్టేశాడు. నా సీసా మూత తీసి గ్లాసులో పోస్తుంటే వంగి చూశాడు.

“ఇదేంది బావ, చాయ్ డికాషనా?”

“బీరే.”

“ఫ్రిజ్‌ల గూడ పెట్టకపోతివి. వేడి బీరు పోస్తవా మా బావకు?”

“మరీ సల్లగుంటే దీని రుచి తెల్వది” అన్నాను.

“గా రుచులు మీకే తెల్సు. పెండ్లిళ్లల్ల నాతోని గివే తాగిండు, ఒక్కనాడు వంక వెట్టలే.”

వదిన వంటింట్లోంచి మటన్ కూర గిన్నె తెచ్చి దించింది. “రెండు పెట్టున్రి. ఆయనకేది గావాల్నో అదే తీసుకుంటడు” అంది.

తలుపు వేసి వరండాలో కూర్చున్నాం. తలుపు తీశాక వదిన తమ్ముడు ముందు నా గ్లాసే అందుకుని ఒక గుక్క తాగాడు.

“కషాయం లెక్కున్నది. పాపం మా బావ” అంటూ తన విస్తరాకు తీసుకుని తినడానికి బయటికి వెళ్లాడు.

వదిన ఎన్నడూ బీరు ముట్టలేదు. ఆ రోజు నా సీసాలోంచి స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని నా ఎదురుగా కింద కూర్చుంది.

“దీన్ని ఏమన్నడు తమ్మీ మీ అన్న?”

చెప్పాను. ఆమె తాగి, ఆయనలాగే కొంచెంసేపు ఆగింది.

“ఇంగువ లేదు గదా.”

“నాకూ తగల్లే వదినా. అన్న నాలుక వేరే.”

ఆమె నా వంక చూడలేదు. “అప్పుడు ఆయనకు రుచి యాడున్నది? దవాఖాన్ల గొంతుకు కరెంటు పెట్టినంక ఉప్పు గూడ తెల్వకుండె. ఒకనాడు పప్పుల ఉప్పెయ్య మర్సిన. మంచిగున్నదని తిన్నడు. నీకు చెప్పొద్దన్నడు. చెప్తే వాడు సీసాలు తెచ్చుడు బంద్ జేస్తడు, పైన కూసునుడు గూడ బంద్ అయితది అన్నడు.”

ఆ సాయంత్రం ఆయన కళ్లు మూసుకున్నది రుచి కోసం అనుకున్నాను. మాట కోసం వెతుక్కుంటున్నాడని ఇప్పుడు తెలిసింది.

“నీకెట్లున్నది?” అని అడిగింది వదిన.

ఆ ప్రశ్న అన్న నన్నెప్పుడూ అడగలేదు. గ్లాసులో మిగిలింది తాగాను. మొదట కాఫీ గింజ కొరికినట్టు చేదు. తర్వాత కొంచెం పులుపు, అంతలోనే ఏమీ లేదు. నల్లగా కనిపించినంత చిక్కగా లేదు. అదే చెప్పాను.

“అంతేనా?”

“అంతే వదినా.”

ఆమె తన గ్లాసు పూర్తి చేసి గిన్నెలు తీసుకుని లేచింది.

మా సమీక్ష ఇంకా ఆ పేజీలో ఉంది. అది నిజం కాదని మిత్రుడికి చెప్పి తీయించేయాలని చాలాసార్లు అనుకున్నాను. కానీ అన్న ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఆ సాయంత్రం మేం కూర్చునేవాళ్లం కాదు. మిత్రుడికి ఇంతవరకు చెప్పలేదు.