నాన్న పళ్ళెంలోని ముక్క

మొన్న పక్కింట్లో దాల్చినచెక్క వేసి గుమ్మడికాయ కాలుస్తున్న వాసన వస్తే లేచి కిటికీ మూసేశాను. ఆ వాసన నాకు పడదు.

నా చిన్నప్పుడు సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో అమ్మ నర్సు. గల్ఫ్ యుద్ధం తర్వాత నాన్న పనిచేసే కంపెనీ మూతపడి, ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ నవంబరులో అమ్మతో పనిచేసే అమెరికన్ నర్సు మమ్మల్ని థాంక్స్‌గివింగ్ భోజనానికి, అంటే ఏడాదికోసారి దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే వాళ్ళ పండగకి, పిలిచింది. వాళ్ళిల్లంతా దాల్చినచెక్క వేసి కాల్చిన గుమ్మడికాయ వాసన. అక్కడ క్రైస్తవ ప్రార్థనలు నిషేధం కాబట్టి, బయటికి వినబడకుండా కిటికీలు మూసి కర్టెన్లు దించారు.

ఆమె భర్త టర్కీ కోడిని కోస్తూ, తమ దేశంలో ప్రభుత్వం ఊరికే తిండిపెట్టి మనుషుల్ని పాడుచేస్తోందనీ, పనిచేసుకుని తినడమే దేవుడికి అసలైన కృతజ్ఞత అనీ ఇంగ్లీషులో చెప్పాడు. నాన్న సంగతి పాపం ఆయనకు తెలియదు.

"ఏమంటున్నారమ్మా?" అని అడిగాను.

"మొహమాటపడకుండా తినమంటున్నారు," అంది అమ్మ గబగబా.

నాన్న తన ముక్క తీసి నా పళ్ళెంలో వేశాడు. "నువ్వు తిను తల్లీ. ఈ చప్పిడి మాంసం నాకెక్కదు."

ఎంచక్కా రెండూ తినేశాను.

తర్వాత ఒక్కొక్కరూ దేవుడికి దేనికి వందనాలో చెప్పాలి. నాన్న వంతు వచ్చింది. "మా ఆవిడ చేతుల కోసం స్తోత్రం ప్రభువా," అన్నాడు. అమ్మ ఏడ్చింది. సంతోషంతో అనుకున్నాను.

నేను పెద్దయ్యేదాకా అమ్మ నాకు చెప్పకుండా దాచిన ఆయన మాట, నాన్నకు ఆ రోజే ఇంగ్లీషులోనే అర్థమైంది. అది ఆయనకు కొత్త మాట కూడా కాదు. ఉద్యోగం ఉన్న రోజుల్లో, "కష్టపడనోడికి కంచం దేనికే?" అని మాకు రోజూ చెప్పింది ఆయనే.