కార్డుకి ఒక డేరా

భూకంపం వచ్చిన మూడో రోజు ఉదయం ఏడున్నరకి మా సహాయక దళం ఉత్తరాదిలో ఆ కొండ ఊరు చేరింది. కింద లోయలోనే రోడ్డు తెగిపోయింది. పదకొండు కిలోమీటర్లు నడిచాం. వీపున పార, గునపం, తాళ్లు, రెండు రోజుల తిండి. సన్నటి వాన. ఇళ్ల కప్పుల పలకరాళ్లు పొలాల్లో పడి ఉన్నాయి.

ఐదు రోజులు శవాలు తీశాం. ఆరో రోజు డేరాలు వచ్చాయి. ఆర్డరు ఒక్క వాక్యం: రేషన్ కార్డుకి ఒక డేరా. పంచే పని నాది.

కమలకి ఇరవై ఆరేళ్లు. ఇద్దరు కూతుళ్లు. భర్త ఇంటి గోడ కింద పోయాడు. నేనే తవ్వి తీశాను. ఆమె కాపురం వేరు, పొయ్యి వేరు. కార్డు మాత్రం అందరిదీ ఒకటే, భర్త అన్న, ఆమె బావగారి పేరున. ఆయన భార్య కూడా భూకంపం రోజే పోయింది. ఆ కార్డుకి ఒక డేరా ఇచ్చాను. అందులో ఎనిమిది మంది.

కమల నా ముందు నిలబడి హిందీలో అడిగింది. "నా వంట నేనే వండుకునేదాన్ని. మీ కాగితంలో నా ఇల్లెందుకు లేదు?"

మా రేడియో ఆపరేటరు నెల్లిమర్ల వాడు. "ఏటన్నా, డేరాలు పన్నెండు మిగిలున్నాయి గదా. ఒకటిచ్చేస్తే ఏటయిపోతాది?"

"పైకి అడిగి సూడు" అన్నాను.

జవాబు వెంటనే వచ్చింది. "కార్డు ప్రకారమే. ఓవర్."

"ఆళ్లని ఓపాలి వచ్చి ఈ వానలో తొంగోమను!" అని హెడ్‌సెట్ విసిరికొట్టాడు.

నేను డేరా ఇవ్వలేదు. ఆర్డరు పైవాళ్లది. దాని వెనక దాక్కున్నది నేను.

నెల తిరక్కుండా ఊరి పెద్దలు కూర్చున్నారు. మొగుడు పోయిన మనిషి బావగారితో ఒకే డేరాలో ఉంటే బాగుండదన్నారు. ఆయనకే ఇచ్చి పెళ్లి చేసేశారు. మా ఊళ్లో బావగారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికే సంకోచించే ఆడవాళ్లున్నారు. కమలను ఎవరూ అడగలేదు.

సంగతి తెలియగానే ఎవర్నీ అడక్కుండా ఒక డేరా భుజాన వేసుకుని పరిగెత్తాను. ఆమె చిన్నదానికి తల దువ్వుతోంది. "ఇప్పుడు తెచ్చారా?" అంది. దువ్వడం ఆపలేదు.

"ఇంకెందుకు, తీసుకుపొండి" అన్నాడు బావగారు.

నలభై రెండో రోజు ఆ పన్నెండు డేరాలూ డిపోకి వెనక్కి పోయాయి. పని పద్ధతిగా చేశామని మమ్మల్ని మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు!

సెలవు మీద మా ఊరు కోటబొమ్మాళిలో దిగిన నాలుగో రోజే మా అన్నతో గొడవయింది. మా రెండు కాపురాలకీ అన్న పేరున ఒకటే కార్డు. నా భార్యాపిల్లలకి వేరే కార్డు కావాలని దరఖాస్తు పెట్టాను.

"ఏట్రా, యేరుపడిపోతావేటి?" అన్నాడు అన్న.

"యేరుపడ్డం కాదన్నయ్యా. రేపు నాకేటైనా అయితే, నా పెళ్లానికీ ఓ ఇల్లున్నాదని కాగితంలో ఉండాల."

"నీ బుర్ర ఆ కొండల్లోనే వదిలీసి వచ్చీసినావు."

ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. కార్డు మాత్రం వచ్చింది, మా ఆవిడ పేరునే.

రిటైరై ఇంటికొచ్చాక అందరూ ఎంతమందిని బతికించావని అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. బతికినవాళ్లని ఏం చేశామో ఒక్కరూ అడగరు.

మేం కొండ దిగిన ఉదయం కమల పెద్ద కూతురు కూలిన వాళ్ల ఇంటి దగ్గర కనబడింది. గోడల్లేవు, కప్పు లేదు. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. ఆ పిల్ల గుమ్మం ముందు ఆగింది. చెప్పులు విడిచింది. లోపలికి వెళ్లింది.