పురుగుల ఇంట్లో నా పుస్తకాలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. అయినా బెంగళూరులో మొదటి ఉద్యోగం, నలుగురం పంచుకున్న పీజీ గది గుర్తొస్తే ఇంకో మాట తోచదు. ఆ రోజుల్లో నేను పుస్తకాలు చదివినదానికంటే సర్దినదే ఎక్కువ. ఒకసారి రంగుల వరసలో, ఒకసారి ఎత్తు వరసలో. (ఫోన్‌లో ఫోటో పెట్టకపోతే సర్దినట్టే కాదు.) చివరికి అవి నా మంచం దాటి పక్కవాడి మంచమెక్కితే, ఓనరమ్మ పుస్తకాలైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ వారాంతమే అన్నీ గోనెసంచుల్లో కుక్కి, కోలారు అవతలి ముళబాగిలుకి బస్సెక్కి, కురుడుమలె దగ్గరి పల్లెలో ఉన్న మా మేనత్త ఇంటికి చేరాను.

అత్తా మామా పట్టుపురుగులు పెంచుతారు. నేను వెళ్లేసరికి ఇద్దరూ తోటలో మల్బరీ ఆకు కోస్తున్నారు. ఇంటి వెనక పురుగుల ఇల్లు తలుపు తీసే ఉంది. లోపల నేల నుంచి పైకప్పు దాకా ఖాళీ అరలు, కడిగి, సున్నం చల్లి, నా కోసమే అన్నట్టు. తెల్లారితే పిల్ల పురుగులు వస్తాయనీ, ఆ శుభ్రం వాటి కోసమనీ నాకేం తెలుసు? మధ్యాహ్నమంతా చెమటలు కక్కుతూ సర్దాను. పుస్తకాలున్నవాడికి పురుగంటే ప్రాణభయం కదా, అర అరకీ గుప్పెడు కలరా ఉండలు పెట్టాను. వీడియో తీసి, ‘నా లైబ్రరీ’ అని పెట్టేశాను.

అత్త వచ్చి గడపలోనే ఆగిపోయింది. వాసన చూసి, ఆకు మోపు కింద పడేసింది.

“ఏం పెట్టినావప్పా ఈడ?”

“కలరా ఉండలత్తా. పురుగులు రాకుండా.”

వెనకనించి మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. “పురుగులు రాకుండానా? మేము బతికేదే వాటితో గదప్పా.”

ఆ ఇంట్లోకి పౌడరు పూసుకున్న మనిషిని కూడా రానివ్వరట. ఘాటు వాసన తగిలితే లేత పురుగులు చస్తాయట. పోయిన పంట రోగమొచ్చి మొత్తం పోయిందట, ఇదీ పోతే ఇంక లేవలేమట. ఇదంతా మామ చెబుతూనే నా పుస్తకాలు చేతులనిండా ఎత్తి వాకిట్లో పోస్తున్నాడు. మబ్బు కమ్ముకొస్తోంది. ఇంట్లో ఉన్నది ఒకటే టార్పాలిన్, అది ఆకు మీద కప్పి ఉంది. అది నాకివ్వమన్నాను. పుస్తకం విలువ తెలియని ఇల్లు అని కూడా అరిచాను. అత్త అరలు కడుగుతూనే ఉంది.

“తడి ఆకు పెడితే పురుగు చస్తాది. నీ పుస్తకాలు పస్తు ఉంటాయప్పా, నా పురుగులు ఉండలేవు.”

వాన దంచికొట్టింది. మోయగలిగినన్ని వసారాలోకి మోశాను. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తీసి చూస్తే వీడియోకి గుండె గుర్తుల వరద. ‘స్వర్గం బ్రో, ఎక్కడిది?’ అని ఎవరో. స్వర్గం వాకిట్లో కాలవ కట్టి పారుతోంది.

ఎంత కడిగినా వాసన పోలేదు. పురుగుల్ని పక్కింటివాళ్ల అరల్లో పెట్టించి, అత్త రోజూ అక్కడికే ఆకు మోసింది. అవి బతికాయి. నా పుస్తకాలు ఉబ్బి, పేజీలు అంటుకుని ఇటుకలయ్యాయి. వాటిలో సగం నేనొక్కసారైనా తెరిచినవి కావు. ఇంక తెరుచుకోవు.

మర్నాడు నన్ను బస్సెక్కించేటప్పుడు అత్త, “పంట ఎత్తినాక జాగా ఉంటాది, మళ్లీ తెచ్చుకో. ఆ ఉండలు మాత్రం వద్దు నాయనా” అంది. నేను మొహం తిప్పుకున్నాను.

తడి సంచిని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, జన్మలో ఇంకో పుస్తకం కొననని స్టేటస్ పెట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. పాపం, నిజంగానే అనుకున్నాడు. బస్సు కోలారు దాటేలోపే రెండు ఆర్డరు పెట్టాడు.