దొర తన్నిన పెనాల్టీ

ఈ సాయంత్రం గెలిచి ఉంటే మా రబ్బరు తోట జట్టు పై డివిజనుకు వెళ్ళేది. ఆట చివర్లో పెనాల్టీ దొరికింది. మా చెల్లెలి మొగుడు అప్పన్న కొడితే గోలు ఖాయం. కానీ మాతోబాటు ఆటలో దిగిన తోట దొర అతన్ని పక్కకు జరగమని తానే తన్నాడు. చొక్కాలు, బంతి ఆయన కొనిచ్చినవే మరి. బంతి పోయి రబ్బరు చెట్లలో పడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. రోజూ దొరను తిట్టిపోసే నేనే అందరికంటే ముందు కొట్టాను.

దారిలో అప్పన్న అడిగాడు. “ఏటి బావా, గోలు పోతే సప్పట్లు కొట్టినావు?”

“నువ్వూ కొట్టినావు కదా.”

“కొట్టినాను. అందుకే అడగతన్నాను.”

ఇంటికొచ్చినా అరచేతులు మండుతూనే ఉన్నాయి. అక్కడ చప్పట్లు కొట్టకుండా ఊరుకున్నవాళ్ళు ఒక్కరున్నా చెప్పండి, వచ్చి మొహం చూసి పోతాను.